తొమ్మిదో నోట్‌బుక్

దామోదర్ ఫోన్ పెట్టేసిన చోట కిందటి వారం ఆగాం. సంగీత మానుకోట దగ్గరి తండా పిల్ల. జనగామ శివారులోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, ప్రొఫెసర్ దామోదర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఒక ప్రోగ్రామ్‌ను చూసి అది ఎవరు రాసిందో పట్టుకునే పనిముట్టును తయారుచేసి, దానికి 'జాడ' అని పేరు పెట్టుకుంది. దామోదర్‌కు పేరు తెచ్చిన ప్రోగ్రామ్ మీదనే దాన్ని నడిపి చూస్తే, ఆ చేయి దామోదర్‌ది కాదని తేలింది. అది ఆయన పాత శిష్యుడు అమర్‌సింగ్‌ది. కానీ అమర్‌సింగ్ పదహారు నెలల కింద, తెలంగాణ ఉద్యమంలో మానుకోట స్టేషన్‌లో రాళ్లు లేచిన రోజున కనబడకుండా పోయాడు. మూడో నాడు కాళేశ్వరం రేవులో అతని సంచి, చెప్పులు దొరికాయి. ఆ తర్వాత కూడా అతని పేరుతో, అతని పద్ధతిలో ప్రోగ్రామ్ పెరుగుతూనే ఉంది. సంగీత ఆ సంగతిని తన థీసిస్‌లో ఒక చాప్టర్‌గా రాసి, గురువారం ఫోన్‌లో చెబితే, "ఆ చాప్టర్ తీసెయ్" అని మాత్రం అన్నాడు దామోదర్.

శనివారం పొద్దున్నే సంగీత టేకుమట్ల దగ్గరున్న అమర్‌సింగ్ తండాకు బయలుదేరింది.

సకల జనుల సమ్మె మొదలై అది పందొమ్మిదో రోజు. బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. హన్మకొండ దాకా ఒక ఆటో, పరకాల దాకా ఇంకో ఆటో మారింది. పరకాల నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు వండుతున్నారు, ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. ఒకామె సంగీతను చేయి పట్టి ఆపింది. "ఎక్కడికి పోతవ్ బిడ్డా, తిని పో" అంటూ విస్తరిలో పులిహోర పెట్టింది. సంగీత నాలుగు ముద్దలు తిని, చిట్యాల వైపు పోతున్న ట్రాక్టర్ ఎక్కింది.

దారి పొడుగునా ఆమెకు అమర్‌సింగ్ గుర్తొస్తూనే ఉన్నాడు. కూర్చుని మాట్లాడింది ఒక్కసారే. ఆమె ల్యాబ్‌లో చేరిన మొదటి రోజు కుర్చీ దుమ్ము దులిపి ఇచ్చి, "నువ్వూ తండానేనా?" అని తమ భాషలో అడిగాడు. ప్రోగ్రామ్ రాయడం గురించి అతను ఆ రోజు చెప్పిన మాటలు ఆమె ఇప్పటికీ తన విద్యార్థులకు చెబుతుంది. పనినంతా ఒకే చోట కుప్ప పోయొద్దు, అరలు అరలుగా విడగొట్టాలి. ఒక్కో అర ఒక క్లాస్. ఏ పని ఏ అరలో పెట్టాలి, ఏ అర ఏ అర నుంచి పుట్టాలి, దానికేం పేరు పెట్టాలి అన్నవి రాసేవాడి బుద్ధిని బట్టి ఉంటాయి. ఇద్దరు మనుషులు ఒకే తీరున విడగొట్టరు. 'జాడ' పుట్టింది ఆ మాటల్లోంచే. ఇప్పుడు అదే అతన్ని పట్టిచ్చింది.

ట్రాక్టర్ దిగి పత్తిచేల మధ్య నుంచి మైలున్నర నడిస్తే తండా వచ్చింది. మిట్టమధ్యాహ్నం. మనుషుల అలికిడి లేదు. పిల్లా జెల్లా సహా అందరూ భూపాలపల్లి రోడ్డు మీద రాస్తారోకోకు పోయినట్టున్నారు. తలుపులన్నిటికీ గొళ్లేలు పెట్టి ఉన్నాయి. ఒక ఇంటి ముందు సగం కడిగిన గిన్నెలు, వాటి మీద ఎండ. కోళ్లు కూడా ఎక్కడో నీడకు చేరినట్టున్నాయి, చప్పుడు లేదు. తండా మొదట్లో వెదురు కర్రలకు ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. రెండు వానాకాలాలకు రంగు కడుక్కుపోయి, బొమ్మలోని ముఖం తెల్లగా మిగిలింది. కళ్లు లేవు, నోరు లేదు. కింద 'అమరుడు అమర్‌సింగ్' అన్న అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ ఫ్లెక్సీ ఎదురుగా ఉన్న పెంకుటిల్లు ఒక్కటే తెరిచి ఉంది. గుమ్మానికి పాత చీర పరదాగా వేలాడుతోంది. సంగీత పిలవబోయి ఆగిపోయింది.

లోపల ఎవరో మగమనిషి చదువుతున్నాడు.

"యాడి. యాడి నుంచి పుట్టినది బాటి. బాటికి మూడు పనులు. మొదటి పని, యాడిని అడగడం. రెండో పని, పంచడం. మూడో పని..."

ఆ మాటలు సంగీతకు తెలుసు. నెల రోజులుగా తెర మీద చూస్తున్నవే. అమర్‌సింగ్ తన క్లాసులకు తండా మాటలే పేర్లుగా పెట్టేవాడు. అన్నిటికీ తల్లి అయిన క్లాస్ పేరు యాడి, అంటే అమ్మ. బాటి అంటే రొట్టె. పాణి అంటే నీళ్లు. ఆ పేర్లను కంప్యూటర్ తెర మీద తప్ప ఇంకెక్కడా వింటానని ఆమె అనుకోలేదు. ఇప్పుడు ఒక మగ గొంతు వాటిని మెల్లగా, పూజ చేయించే మనిషిలా ఒకే శ్రుతిలో పలుకుతోంది. కాళేశ్వరం రేవులో దొరికిన చెప్పులు ఆమె కళ్ల ముందు మెదిలాయి.

"బాటి గాదు సారూ, జర గుంజి పలుకు," అంది లోపల ఒక ఆడగొంతు. "ఎన్నిసార్లు చెప్పినా గట్లనే అంటవు."

సారు అన్న మాటకు సంగీతకు ఊపిరి వచ్చింది. పరదా పక్కకు జరిపింది.

పేడతో అలికిన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు ప్రొఫెసర్ దామోదర్. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. ఒళ్లో పొడుగాటి నోట్‌బుక్ ఒకటి తెరిచి ఉంది. ఎదురుగా గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని వింటోంది ఒక ముసలామె. చేతుల నిండా దంతపు గాజులు, పక్కన రేకు సందుగు. అమర్‌సింగ్ తల్లి చంద్రి.

దామోదర్ తలెత్తి చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వెందుకొచ్చావు?"

"మీరెందుకొచ్చిన్రు సార్?"

చంద్రి కళ్లు తెరిచింది. సంగీత వంగి ఆమె కాళ్లు తాకి, "యాడీ, నేను అమరన్న పని చేసిన కాడనే పని చేస్త," అని తమ భాషలో చెప్పింది. చంద్రి ఆమె గదువ పట్టుకుని ముఖాన్ని వెలుగుకు తిప్పి చూసింది. "కూసో బిడ్డా," అంది తెలుగులో, సారుకు కూడా అర్థం కావాలన్నట్టు. "సారు సదువుతున్నడు. ఇను."

"ఏం సదువుతున్నడు యాడీ?"

"నా కొడుకు రాసింది."

దామోదర్ నోట్‌బుక్ మూశాడు. అట్ట మీద నీలం సిరాతో తొమ్మిది అంకె వేసి ఉంది. సంగీత చేయి చాపితే ఇచ్చేశాడు. మొదటి పేజీ నుంచి చివరి దాకా ప్రోగ్రామే. అచ్చు గుద్దినట్టు అక్షరాలు, కొట్టివేతలు తక్కువ. అంచుల్లో బాణాలు, చిన్న చిన్న డబ్బాలు, ఏది దేని నుంచి పుట్టిందో చూపే గీతలు. ఇంట్లో కంప్యూటర్ లేదు, ఉద్యమం రోజుల్లో ల్యాబ్ సగం రోజులు మూతే. అందుకని అమర్‌సింగ్ చేను గట్ల మీద కూర్చుని చేత్తో రాసుకున్నాడు.

"నా కొడుకు పోయిన పదిహేనొద్దులకు వచ్చిండు గీ సారు," అంది చంద్రి. "అందరు దండలు తెచ్చిన్రు. ఫొటో గావాలె అన్నరు. నన్ను స్టేజి మీద నిలవెట్టిన్రు. గీయన ఒక్కడే, నీ కొడుకు గిట్ల ఆలోచన చేస్తుండె, గిట్ల నవ్వుతుండె అని చెప్పిండు. రాసుకున్నయి ఏమన్న ఉన్నయా అవ్వా అని అడిగిండు. తొమ్మిదున్నయన్న. అన్నీ ఇయ్యమన్నడు. అన్నీ ఇస్తె మల్ల ఎందుకొస్తడు? అందుకే నెలకు, రెన్నెల్లకు ఒకటి ఇచ్చిన. గదిగూడ నా ముంగట మొత్తం సదివినంకనే."

"మొత్తమా?"

"అక్షరం పోకుంట. నాకేం సమజ్ గాదు. గని నడుమ నడుమ మా మాటలొస్తయి. యాడి అంటడు. పాణి అంటడు. వాడు ఇంట్ల దిరిగినట్లే ఉంటది."

సంగీత దామోదర్ వైపు తిరిగింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. జనగామలో ఆయన నడిస్తే లెక్చరర్లు పక్కకు జరుగుతారు. తాతల నాటి భూములున్న ఇల్లు, వెనక పలుకుబడి, చదువుకు చదువు. అటువంటి మనిషి ఏడాదికి పైగా ఈ అలికిన నేల మీద కూర్చుని, చదువురాని తల్లికి ప్రోగ్రామ్ చదివి వినిపిస్తున్నాడు.

"అంటే ఇన్నాళ్లూ సర్వర్‌లో ఎక్కించింది మీరేనా సార్?"

"నేనే. అతని పాస్‌వర్డ్ నాకు తెలుసు. ఒక్క చుక్క కూడా మార్చకుండా, అతని పేరుతోనే ఎక్కించాను. అక్కడ నా పేరు పెట్టడానికి చేయి రాలేదు."

"మరి పేపర్ల పెట్టడానికి ఎట్ల వచ్చింది?"

చంద్రి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏం పేపరు బిడ్డా?"

ఈ ప్రశ్న వస్తుందని సంగీతకు దారిలోనే తెలుసు. కానీ ఇట్లా ఆ మనిషి ఎదురుగానే చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు. "యాడీ, అమరన్న చేసిన పనిని సారు పుస్తకంల అచ్చు వేయించిన్రు. దేశదేశాల వాళ్లు సదివిన్రు. శాన మంచి పని అన్నరు. వచ్చే నెల బెంగళూరుల సభ పెట్టి సన్మానం జేస్తున్రు."

"ఎవరికి?"

"సారుకు."

"నా కొడుకు పేరు లేదా?"

"ఉన్నది. ఆఖరి పేజీల. సాయం జేసినోళ్ల పేర్లల్ల."

చంద్రి గాజులు సవరించుకుంది. "పేరు సంగతి నాకు ఎరికనే," అంది చివరికి. "ఊకెనే ఇంత దూరం ఎవ్వలొస్తరు? సదువు రాకున్నా, మనిషి మొకం సదవొస్తది నాకు. గని గదొక్కటి చెప్పు. యాడి అని ఉంటది గద, అన్నిటికంటె ముందల. గా మాట ఉన్నదా అచ్చుల?"

"మార్చిన్రు యాడీ. 'బేస్' అని పెట్టిన్రు."

"అంటే?"

"అడుగు. పునాది."

"నన్ను తీసి రాయి పెట్టిండు," అంది చంద్రి.

దామోదర్ చప్పున తలెత్తాడు. ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "అవ్వా, ఆ పేర్లతో పంపితే వాళ్లు నవ్వేవాళ్లు. నీకు తెలియదు. నేను గుంటూరులో చదివేటప్పుడు నోరు తెరిస్తే క్లాసంతా నవ్వేది. గిట్ల, గట్ల అంటే లెక్చరరే వెక్కిరించేవాడు. రెండేళ్లలో నా నోట్లోంచి ఆ మాటలన్నీ ఏరి పారేసుకున్నాను. లోకం ముందుకు ఏది ఎట్లా తీసుకుపోవాలో నేర్చుకున్నాను."

"మొన్న సోమవారం జనగామ శిబిరంల మీరే కదా సార్ మాట్లాడింది?" అంది సంగీత. "మన మాటను ఎవ్వడు వెక్కిరించినా ఊకోవద్దన్నరు. నేను ముంగటనే కూసొని చప్పట్లు గొట్టిన."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు మారింది, ల్యాబ్‌లో మాట్లాడే గొంతు వచ్చింది. "సంగీతా, నీ థీసిస్ నా బల్ల మీద ఉంది. ఆరేళ్ల కష్టం. మంచి పని చేశావు, కాదనను. ఆ ఒక్క చాప్టర్ పక్కన పెట్టు. మిగతాదానికి సోమవారమే సంతకం చేస్తాను. లేదంటే నా సంతకం లేకుండా అది ఏ గడపా దాటదు. నీకూ తెలుసు, నాకూ తెలుసు."

సంగీతకు తండ్రి గుర్తొచ్చాడు. మానుకోట సంతలో కనబడ్డవాళ్లందరికీ, తన బిడ్డ డాక్టరు అవుతోందని చెబుతాడు జైసింగ్. ఏ దవాఖానలో అని ఎవరైనా అడిగితే, దవాఖాన లేని డాక్టరు అని నవ్వుతాడు. ఆ నవ్వు ఆరేళ్లుగా ఆమెను మోస్తోంది. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ నవ్వు ఆగిపోతుంది. తెరవకపోతే, ల్యాబ్‌లో తాను కూర్చునే కుర్చీలో ఇక కూర్చోలేదు. రెండూ తెలిసే మాట్లాడింది.

"చాప్టర్ ఉంటది సార్. ఇంక మీ ఇష్టం."

చంద్రి లేచింది. సంగీత చేతిలోంచి నోట్‌బుక్ తీసుకుని, కొంగుతో అట్ట తుడిచి, సందుగులో పెట్టి మూత వేసింది. "సారూ, ఇగ మీరు సదవద్దు," అంది. గొంతులో కోపం లేదు. పని అయిపోయిన కూలీని ఇంటికి పొమ్మన్నట్టు ఉంది. "ఇయ్యాల మీరు వాపస్ తెచ్చిచ్చిన్రు గద, తొమ్మిదోది. అడగాల్సిందేందో అడిగి పోన్రి. సదివితెనే చెప్తనన్న. సదివిన్రు. అడుగున్రి."

దామోదర్ గోడ పట్టుకుని లేచాడు. గడప దాకా వెళ్లి ఆగాడు. అహం అంతా దిగిపోయి, జ్వరం పడి లేచినవాడిలా కనబడ్డాడు.

"పదోది ఉందా అవ్వా?"

"లేదు. తొమ్మిదే."

"ఇంకెవరికైనా ఇచ్చావా? పోలీసులకు? పార్టీ వాళ్లకు?"

"ఎవ్వరికియ్యలే. తొమ్మిదే రాసిండు. సందుగుల పెట్టేటప్పుడు లెక్క వెట్టి నాకు చెప్పిండు."

దామోదర్ సంగీత వైపు తిరిగాడు. "నన్ను దొంగ అనుకో. ఒప్పుకుంటాను. కానీ ఇది మాత్రం నమ్ము. తొమ్మిదో నోట్‌బుక్ జులైలో అయిపోయింది. ఆ తర్వాత ఇవాళ్టిదాకా నేను ఈ తండాకు రాలేదు, ఒక్క అక్షరం కూడా ఎక్కించలేదు. గురువారం నువ్వు ఫోన్‌లో చెప్పేదాకా, సెప్టెంబర్ ఇరవై మూడో తారీఖున కొత్త క్లాస్ చేరిందని నాకు తెలియదు. ఆ రాత్రి నుంచి కన్ను మూయలేదు. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లం ఇద్దరమే. నేను, అతను."

అబద్ధం చెప్పే మనిషి ముఖం సంగీతకు తెలుసు, ఇందాకటిదాకా చూసింది. ఇది అది కాదు. జులై చివర ఆగిపోయిన ప్రోగ్రామ్, ఆగస్టు అంతా కదలని ప్రోగ్రామ్, ఊళ్లన్నీ మూతబడ్డాక, సమ్మె పదకొండో రోజు శుక్రవారం పట్టపగలు ఎట్లా కదిలింది? నోట్‌బుక్‌లోంచి చూసి ఎక్కించినవాడు ఎదురుగా ఉన్నాడు. చూసి ఎక్కించడానికి నోట్‌బుక్ లేనప్పుడు, రాసిందెవరు?

సంచిలోంచి కాగితం తీసింది. ఆ రోజు చేరిన క్లాస్‌ను అచ్చు తీసి పెట్టుకుంది. మొత్తం పన్నెండు లైన్లు. అమర్‌సింగ్ చేయి అని 'జాడ' అనుమానం లేకుండా చెప్పిన పన్నెండు లైన్లు.

"ఏం రాసున్నది బిడ్డా అండ్ల?" అంది చంద్రి. "నువ్వు సదువు. మన నోటితోని ఇంట."

సంగీత మెల్లగా చదివింది. "యాడి. యాడి నుంచి పుట్టినది కేసులా. కేసులాకు ఒకటే పని. పిలిస్తే పలకడం."

"కేసులా అంటే?" అన్నాడు దామోదర్. "తొమ్మిదింట్లో ఎక్కడా ఆ మాట లేదు."

"మోదుగుపువ్వు సార్. మా భాషల గట్ల అంటం. పువ్వు పేరు పెట్టుకున్నడేమో అనుకున్న..."

చంద్రి ఆమె మణికట్టు పట్టుకుంది. దంతపు గాజులు చల్లగా తగిలాయి.

"ఎప్పుడు రాసిన్రు ఇది?"

"పోయిన శుక్రవారం యాడీ. ఎనిమిదొద్దులాయె."

"కేసులా నా లేగ," అంది చంద్రి. "శ్రావణంల తీజ్ పండుగ నాడు పుట్టింది. ఎర్రగ మోదుగుపువ్వు తీరుగ ఉన్నదని నేనే పెట్టిన గా పేరు. గొడ్లను గాసే మాన్‌సింగ్ గూడ లేగ అనే అంటడు. తండాల ఎవ్వలికీ తెల్వది. పాలు పిండేటప్పుడు దాని చెవుల నేనొక్కదాన్నే పిలుస్త."

దామోదర్ చేయి ద్వారబంధం మీద బిగుసుకుంది. ముగ్గురిలో భయపడనిది చంద్రి ఒక్కతే. ఆమె ముఖం మీద, చాలా కాలంగా లేని ఒక వెలుగు మెల్లగా కదిలింది.

అప్పుడు ఇంటి వెనక దొడ్లో లేగదూడ అరిచింది. ఒకసారి. కాసేపాగి, ఇంకోసారి. ఆకలికి అరిచే అరుపు కాదు, ముద్దుగా, దగ్గరకు రమ్మన్నట్టు.

"నన్ను జూస్తెనే గట్ల అరుస్తది," అంది చంద్రి గుసగుసగా. "నేను గీడనే ఉన్న గద."

సంగీత లేచి దొడ్డి తలుపు గడియ మీద చేయి వేసింది.